పాత అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్: వైరింగ్ ఎలా, డైనమో తట్టుకుంటుందా?

అంబీ84:

అందరికీ నమస్కారం. బండి 1984 మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్. డైనమో, కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే పెట్టె) పాతవే, ఆల్టర్నేటర్ లేదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ బెంజి సర్కిల్ లాంటి చోట పది నిమిషాలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. హైవే ఎక్కి అరవైలో రెండు మూడు కిలోమీటర్లు నడిపితే మళ్ళీ మధ్యకి దిగుతోంది. రేడియేటర్ కిందటేడు విప్పించి రాడ్ కొట్టించాను. ఫ్యాన్ బెల్టు కొత్తదే.

మారుతి 800 ఫ్యాన్, మోటారుతో సహా ఒకటి దగ్గరుంది. అడగాల్సినవి ఇవి: పాత ఫ్యాన్ తీసేయాలా, ఉంచాలా? కరెంటు ఎక్కడినుంచి తీసుకోవాలి? హెడ్‌లైట్ స్విచ్ పక్కన ఒక స్విచ్ పెట్టి నేరుగా ఇచ్చేస్తే సరిపోతుంది అంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. థర్మో స్విచ్ (నీళ్ళు వేడెక్కితే తనే కలిసే స్విచ్) పెడితే ఎక్కడ పెట్టాలి, ఎంత డిగ్రీలది?

రేడియేటర్ కోర్:

ఫ్యాన్ పని చెప్పేముందు మీరు రాసిన లక్షణం గురించి ఒక మాట. ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడుతోందంటే లోపం గాలి దగ్గర ఉంది. ఐడిల్‌లో ఇంజన్ 600, 700 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. బెల్టు మీద నడిచే ఫ్యాన్ కూడా ఆ వేగానికి తగ్గట్టే నెమ్మదిగా తిరుగుతుంది, గాలి అవసరం ఎక్కువున్న సమయంలోనే గాలి తక్కువ. దీనికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ సరైన మందే.

ఇదే తిరగబడి, ఎనభైలో పోతుంటే వేడెక్కుతూ ఊళ్ళో బాగానే ఉంటే మాత్రం ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి డబ్బులు పోగొట్టుకోవద్దు. ఆ వేగంలో ముందునుంచి వచ్చే గాలే చాలు. అప్పుడు చూడాల్సినవి కోర్ (రేడియేటర్‌లో ట్యూబులు, ఫిన్నులు ఉన్న భాగం) జామ్, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉండటం, హెడ్ గ్యాస్కెట్, వాటర్ పంపు లాగే ఊపుకి లోపలికి నొక్కుకుపోతున్న కింది హోస్ పైపు. ఈ ఆఖరిది చాలామంది చూడరు. పాత హోస్‌లో స్ప్రింగ్ తుప్పుపట్టి పోయి ఉంటే రేస్ చేసినప్పుడు పైపు చప్పబడి నీళ్ళు ఆగిపోతాయి.

రాడ్ కొట్టించాను అన్నారు కాబట్టి ఒక పరీక్ష చేయండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కోర్ మీద పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి కొలవండి. పైనుంచి కిందికి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఒక పట్టీ మేర ఒక్కసారిగా చల్లగా కనిపిస్తే అక్కడి ట్యూబులు మూసుకుపోయినట్టు. అలాంటి కోర్ మీద ఏ ఫ్యాన్ పెట్టినా సగం పనే.

థర్మోస్టాట్ (వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) ఉందా? మన దగ్గర పాత బండ్లలో చాలామంది మెకానిక్‌లు దాన్ని తీసి పక్కన పడేస్తారు. మీ బండిలో లేకపోతే ముందు 82 డిగ్రీలది ఒకటి వేయండి. థర్మో స్విచ్ లెక్క అంతా దాని మీదే ఆధారపడుతుంది.

రిలే87:

మీ ఎలక్ట్రీషియన్ గారు చెప్పినట్టు డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా మోటారుకి నేరుగా ఇవ్వొద్దండి. మూడు కారణాలు. మోటారు నడుస్తున్నప్పుడు 8, 10 ఆంపియర్లు తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. చిన్న టాగుల్ స్విచ్ కాంటాక్టులు అందులోనే కాలుతాయి. రెండోది, బ్యాటరీనుంచి డ్యాష్‌బోర్డుకి, అక్కడినుంచి మళ్ళీ ముందుకి పోయే వైరు పొడవు పెరిగి వోల్టేజి పడిపోతుంది. మూడోది అసలైన చిక్కు: ఫ్యాన్‌ని ఇగ్నిషన్ లైన్‌కి నేరుగా కలిపితే, కీ ఆపాక కూడా విసురుకి తిరుగుతున్న మోటారు తనే డైనమోలా కరెంటు తయారుచేసి ఇగ్నిషన్ కాయిల్‌కి వెనక్కి పంపిస్తుంది. కీ తీసినా ఇంజన్ ఒకటి రెండు క్షణాలు కొట్టుకుంటూ ఆగుతుంది.

నాలుగు కాళ్ళ 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), 30 లేదా 40 ఆంపియర్లది తీసుకోండి. అయిదు కాళ్ళది తెచ్చుకుంటే 87ఏ అనే మధ్య కాలికి ఏదీ కలపొద్దు. రిలే పనిచేయనప్పుడు కరెంటు ఉండేది దానిమీదే, పొరపాటున ఫ్యాన్ దానికి కలిపితే ఎప్పుడూ తిరుగుతూ, వేడెక్కినప్పుడు ఆగుతుంది.

మొదట బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిసిందో చూడండి. ఈ ఇంజన్ వంశంలో పాత బండ్లు పాజిటివ్ ఎర్త్‌తో వచ్చాయి. మీది నెగటివ్ ఎర్త్ అయ్యే అవకాశమే ఎక్కువ, అయినా కంటితో చూసి నిర్ధారించుకోండి. కింద రాసేదంతా నెగటివ్ ఎర్త్‌కి. 30, 87, 86, 85 అన్నవి రిలే కాళ్ళ మీది అంకెలు.

30కి: బ్యాటరీ పాజిటివ్‌నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. మధ్యలో ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది దాని తర్వాత ఉన్న వైరునే. రిలే పక్కన పెడితే బ్యాటరీనుంచి అక్కడిదాకా పోయే వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుందంటే ఆపేది ఏదీ ఉండదు.

87నుంచి: ఫ్యాన్ మోటారు పాజిటివ్‌కి, అదే 2.5 వైరు.

86కి: కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైను. అంబాసిడర్‌లో లూకాస్ రంగుల పద్ధతి ప్రకారం ఫ్యూజు దాటి వచ్చే ఇగ్నిషన్ లైను ఆకుపచ్చ. నలభై ఏళ్ళలో ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు కాబట్టి రంగుని నమ్మకుండా టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి. కీ ఆన్‌లో వెలగాలి, ఆఫ్‌లో ఆరాలి. ఇక్కడ 0.75 వైరు చాలు. రిలే కాయిల్ తీసుకునేది 0.15 ఆంపియర్ దగ్గర్లోనే.

85నుంచి: థర్మో స్విచ్‌కి, స్విచ్ రెండో కాలినుంచి ఎర్తుకి. మీరు డ్యాష్‌బోర్డు స్విచ్ కావాలంటే ఇక్కడ పెట్టండి: 85నుంచి ఇంకో సన్నటి వైరు లోపలికి తెచ్చి టాగుల్ ద్వారా ఎర్తు చేయండి. థర్మో స్విచ్ పాడైనా చేత్తో ఫ్యాన్ వేసుకోవచ్చు. 0.15 ఆంపియరే కాబట్టి ఏ చిన్న స్విచ్ అయినా తట్టుకుంటుంది.

ఫ్యాన్ నెగటివ్: దీన్ని చాలామంది రేడియేటర్ ఫ్రేము బోల్టుకి చుట్టి వదిలేస్తారు. రంగు, తుప్పు, రబ్బరు బుష్‌లు అన్నీ మధ్యలో అడ్డు. 2.5 వైరునే తెచ్చి, బ్యాటరీ ఎర్తు పట్టీ బాడీకి బిగించిన చోట, రేకు మెరిసేదాకా గీకి, లగ్గు పెట్టి బిగించండి. పైన గ్రీజు పూయండి.

రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు 86కి. రిలే ఆగినప్పుడు కాయిల్ వదిలే వోల్టేజి దెబ్బకి థర్మో స్విచ్ కాంటాక్టులు త్వరగా కాలిపోకుండా ఆపుతుంది. తిరగేసి పెడితే ఫ్యాన్ ఆన్ కాగానే షార్టు. డయోడ్ లోపలే ఉన్న రిలేలు కూడా ఉంటాయి, వాటికి 86 పాజిటివే కావాలి.

వైరు విషయం. ఇంటి వైరింగ్ వైరు వాడొద్దు, ఆటో కేబులే కొనండి. ఇంటి వైరులో పోగులు తక్కువ, లావు ఎక్కువ, వణుకుకి లగ్గు దగ్గర తెగుతాయి. సైజు ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. రాగి తీగ 1 స్క్వేర్‌కి మీటరుకి 0.0175 ఓం. బ్యాటరీనుంచి ఫ్యాన్‌కి పోయి తిరిగి ఎర్తుకి వచ్చే దారి నాలుగు మీటర్లు అనుకుంటే, 10 ఆంపియర్ల దగ్గర 1 స్క్వేర్ వైరులో 0.7 వోల్టులు పోతాయి. 2.5లో 0.28 మాత్రమే. 1 స్క్వేర్ వైరు కాలిపోదు, కానీ ఐడిల్‌లో బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు ఆ 0.7 పోతే ఫ్యాన్ వేగం కళ్ళకి కనిపించేంత తగ్గుతుంది.

ఫ్యూజు రేటింగ్ ఎవరో చెప్పిన అంకె వేయకండి. డీసీ కొలిచే క్లాంప్ మీటరుతో ఫ్యాన్ నడుస్తున్నప్పుడు ఆంపియర్లు చూసి, దానికి ఒకటిన్నర రెట్లు ఉన్న దగ్గరి సైజు వేయండి. 9 వస్తే 15 వేయండి. స్టార్టింగ్‌లో పోతుంటే 20. అంతకన్నా పైకి 2.5 వైరు మీద పోవద్దు. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటుంది చూశారా, అది తెగే అంకె. ఎప్పుడూ మోయగలిగేది 17 మాత్రమే. ఇప్పటి బ్లేడ్ ఫ్యూజు మీద అంకె మోయగలిగేది. రెండూ ఒకటే అనుకుని 35 బ్లేడ్ ఫ్యూజు వేస్తే వైరు కాలాకే ఫ్యూజు పోతుంది.

డైనమో కటౌట్:

పై వైరింగ్‌లో తప్పు లేదు. కానీ అసలు ప్రశ్న డైనమోది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

లూకాస్ సీ40 డైనమో పూర్తి సామర్థ్యం 22 ఆంపియర్లు, దానికన్నా పాతదైన సీ39 అయితే 19. అదీ ఇంజన్ బాగా తిరుగుతున్నప్పుడు. ఐడిల్‌లో కటౌట్ కాంటాక్టు కలవదు, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతూ ఉండేది అందుకే. అంటే మీకు ఫ్యాన్ కావాల్సిన ఆ పది నిమిషాలూ డైనమో ఇచ్చేది సున్నా. ఫ్యాన్ 9, ఇగ్నిషన్ కాయిల్ 3 లేదా 4, మొత్తం 13 ఆంపియర్ల దాకా బ్యాటరీ మీదే పడుతుంది. అరగంట జామ్‌కి ఆరున్నర ఆంపియర్ అవర్లు. పగలైతే తర్వాత హైవే మీద తిరిగి నిండుతుంది. రాత్రి, వానలో చూడండి: హెడ్‌లైట్లు 7, వెనక లైట్లు 2, వైపరు 3, కాయిల్ 4, ఫ్యాన్ 9. మొత్తం 25. డైనమో పూర్తి వేగంలో కూడా అందుకోలేదు. రెండు మూడు రోజులు ఇలా తిరిగితే పొద్దున సెల్ఫ్ తిరగదు, నింద బ్యాటరీ మీద పడుతుంది.

కాబట్టి దారి రెండే. ఒకటి, తర్వాతి అంబాసిడర్లకి వచ్చిన ఆల్టర్నేటర్ బ్రాకెట్‌తో సహా తెచ్చి వేయడం. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికితే దొరుకుతుంది. పుల్లీ వాటర్ పంపు పుల్లీతో ఒకే గీతలో ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోండి, రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా బెల్టు పక్కలు అరిగిపోతాయి. పాత కటౌట్‌ని సర్క్యూట్‌నుంచి పూర్తిగా తప్పించాలి. ఎర్ర లైటు బల్బు మాత్రం ఉండాలి, ఆల్టర్నేటర్ మొదట మేల్కొనేది ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే. బల్బు పోతే చార్జింగ్ మొదలవకపోవచ్చు. పాజిటివ్ ఎర్త్ బండికి ఆల్టర్నేటర్ నేరుగా కలిపితే డయోడ్లు ఆ క్షణమే పోతాయి, ఇది మర్చిపోవద్దు.

రెండోది, డైనమో ఉంచాలనుకుంటే: బెల్టు మీది ఫ్యాన్ తీయకండి. రేడియేటర్ ముందు, గ్రిల్ వెనకాల, చిన్న ఫ్యాన్ ఒకటి లోపలికి నెట్టేలా పెట్టి, ట్రాఫిక్‌లో మాత్రమే చేత్తో వేసుకోండి. నా ఓటు మొదటిదానికే.

రిలే87:

నిజమే, డైనమో మాట నేను రాయాల్సింది. అందుకే 86కి బ్యాటరీ లైను కాకుండా ఇగ్నిషన్ లైను ఇమ్మన్నాను. కొత్త బండ్లలో కీ తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది కదా అని కొందరు బ్యాటరీకి కలుపుతారు. ఇందులో వాటర్ పంపు బెల్టు మీదే నడుస్తుంది, ఇంజన్ ఆగితే నీళ్ళు కదలవు. ఫ్యాన్ రేడియేటర్‌లో ఉన్న నీళ్ళనే చల్లబరుస్తుంది, హెడ్‌కి ఒరిగేది తక్కువ, బ్యాటరీకి ఖర్చు ఎక్కువ.

ముందువైపు నెట్టే ఫ్యాన్ గురించి ఒక జాగ్రత్త. వెనకనుంచి లాగే ఫ్యాన్‌ని ముందు పెడితే గాలి ఎదురు తిరుగుతుంది. వైర్లు మార్చి తిప్పితే తిరిగే దిశ మారుతుంది నిజమే, కానీ రెక్కల వంపు తప్పువైపు ఉండిపోయి గాలి బాగా తగ్గుతుంది. రెక్కలు తీసి తిరగేసి బిగించగలిగే రకమైతేనే ఆ పని చేయండి. పరీక్ష సులువే: ఫ్యాన్ వేసి, రేడియేటర్ ముందు ఒక పేపరు పెడితే కోర్‌కి అతుక్కోవాలి.

రేడియేటర్ కోర్:

బిగింపు గురించి ఎవరూ రాయలేదు, వైరింగ్ కన్నా అక్కడే ఎక్కువ రేడియేటర్లు పోతాయి.

మారుతి 800 ఫ్యాన్ 796 సీసీ ఇంజన్ కోసం చేసింది. 1489 సీసీకి, మన ఎండల్లో, అదొక్కటే ఆధారం అంటే నేను ఒప్పుకోను. బెల్టు ఫ్యాన్‌కి తోడుగా అయితే సరే. బెల్టు ఫ్యాన్ పూర్తిగా తీసేస్తే ఎస్టీమ్ లాంటి 1300 సీసీ బండిదో, 12 అంగుళాల దగ్గర్లో ఉన్న రెక్కదో చూడండి. చుట్టూ రేకు ష్రౌడ్ ఉండాలి. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న వలయం మేరకే గాలి పోతుంది, మూలలు ఖాళీగా ఉంటాయి.

ప్లాస్టిక్ టైలు కోర్ గుండా దూర్చి బిగించే కిట్లు అమ్ముతున్నారు. అవి వాడొద్దు. వణుకుకి టై ఫిన్నులను కోసి, తర్వాత ట్యూబును అరగదీస్తుంది. రెండు పక్కల ఉన్న ఛానెల్‌కి పావు అంగుళం బోల్టులతో ఇనుప పట్టీలు వేసి, రబ్బరు వాషర్ల మీద ఫ్యాన్ కూర్చోబెట్టండి. రెక్కకీ కోర్‌కీ మధ్య పది మిల్లీమీటర్లైనా, మోటారు వెనక భాగానికీ వాటర్ పంపు పుల్లీకీ మధ్య పాతిక మిల్లీమీటర్లైనా వదలండి. గట్టిగా బ్రేకు వేస్తే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్ల మీద ముందుకి వస్తుంది.

బెల్టు ఫ్యాన్ విప్పేటప్పుడు ఒకటి గమనించండి. ఫ్యాన్‌నీ పుల్లీనీ హబ్‌కి పట్టి ఉంచేవి అవే నాలుగు బోల్టులు. ఫ్యాన్ తీసేసి అదే బోల్టులు తిరిగి బిగిస్తే ఆ మందం మేర వెనక్కి పొడుచుకువచ్చి పంపు బాడీకి తగలొచ్చు. పొట్టి బోల్టులు వేయండి, లేదా ఫ్యాన్ మందానికి సరిపడా వాషర్లు. మరలు యూఎన్‌ఎఫ్, మిల్లీమీటర్ బోల్టు దగ్గరగా పడుతుంది కానీ బలవంతం చేస్తే హబ్ మరలు పోతాయి. బెల్టు మాత్రం ఉండాల్సిందే, పంపు, డైనమో దాని మీదే.

థర్మో స్విచ్‌కి సులువైన చోటు పై హోస్. హోస్‌ని కోసి మధ్యలో స్విచ్ బిగించే అల్యూమినియం ముక్క పెడతారు, మరలు సాధారణంగా ఎం22. రెండు వైపులా రబ్బరే కాబట్టి ఆ ముక్కకి ఎర్తు రాదు. ఒకే కాలు ఉన్న స్విచ్ అయితే బాడీకి వేరే ఎర్తు వైరు వేయాలి. టెఫ్లాన్ టేపు చుట్టినా ఎర్తు పోతుంది, రాగి వాషరే వాడండి. ఫిన్నుల మధ్య గుచ్చే సన్నటి తీగ రకం మీద నాకు నమ్మకం లేదు, అది నీటి వేడి కాకుండా గాలీ ఫిన్నూ కలిసిన వేడిని చూస్తుంది.

ఎంత డిగ్రీలు? థర్మోస్టాట్ 82కి తెరవడం మొదలుపెడుతుంది. పై హోస్‌లో స్విచ్ 92కి కలిసి 87కి విడిపోయేది తీసుకోండి. ఈ అంకెలు స్విచ్ మీదే చెక్కి ఉంటాయి.

అంబీ84:

అందరికీ ధన్యవాదాలు. ఆల్టర్నేటర్ వేయించాను, ఎస్టీమ్ ఫ్యాన్ ష్రౌడ్‌తో సహా పట్టీల మీద కూర్చుంది. క్లాంప్ మీటరులో 8.6 ఆంపియర్లు, 15 ఫ్యూజు నిలబడింది. ట్రాఫిక్‌లో ముల్లు మధ్య దాటడం లేదు. కాకపోతే ఒక్కసారి ఆన్ అయితే ఫ్యాన్ ఇక ఆగట్లేదు, కీ తీస్తేనే ఆగుతోంది. దుకాణంలో 92 అని ఇచ్చారు, స్విచ్ మీద 88/79 అని ఉంది.

డైనమో కటౌట్:

కారణం మీ ఆఖరి వాక్యంలోనే ఉంది. 79కి దిగితే గానీ ఆ స్విచ్ విడిపోదు. మీ థర్మోస్టాట్ 82 కన్నా కింద నీళ్ళని పైకి రానివ్వదు. ఇంజన్ నడుస్తున్నంత సేపూ పై హోస్ 79కి దిగడం దాదాపు జరగదు, అందుకే ఫ్యాన్ ఆగదు. అది కింది ట్యాంకులో పెట్టుకునే స్విచ్, అక్కడ నీళ్ళు రేడియేటర్ దాటి వచ్చి చల్లగా ఉంటాయి. మార్చి 92/87 వేయండి.

స్విచ్ మార్చేముందు ఒక్క నిమిషం పరీక్ష: ఫ్యాన్ తిరుగుతుండగా థర్మో స్విచ్ వైరు లాగేయండి. ఫ్యాన్ ఆగితే రిలే, వైరింగ్ మంచివే. ఆగకపోతే 85 వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా టాగుల్ ఆన్‌లో ఉండిపోయింది, లేదా రిలే కాంటాక్టు అతుక్కుపోయింది.

రిలే87:

స్విచ్ కోసం ఎలాగూ నీళ్ళు దించుతారు కాబట్టి, తిరిగి నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉండేలా నిలిపి, క్యాప్ తీసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఐడిల్‌లో ఉంచి, గాలి బుడగలు ఆగాక మూత పెట్టండి. స్విచ్ కొన దగ్గర గాలి చిక్కుకుంటే ఎంత వేడెక్కినా అది కలవదు. ఫ్యాన్ ఎప్పుడైనా తనంతట తానే మొదలవుతుంది, చేతులు రెక్కలకి దూరం.

పనయ్యాక ఫ్యాన్ నడుస్తుండగా మల్టీమీటరుతో రెండు కొలతలు తీసి ఇక్కడ పెట్టండి: బ్యాటరీ పాజిటివ్‌నుంచి మోటారు పాజిటివ్‌కి, బ్యాటరీ నెగటివ్‌నుంచి మోటారు నెగటివ్‌కి. మొదటిది 0.3 వోల్టుల లోపు, రెండోది 0.2 లోపు ఉండాలి. ఎక్కువ వస్తే మీటరు ఒక కొనని బ్యాటరీ దగ్గరే ఉంచి, రెండో కొనని ఫ్యూజు హోల్డరు, రిలే కాళ్ళు, లగ్గుల మీదుగా జరుపుకుంటూ రండి. అంకె ఎక్కడ ఎగిరిందో లోపం అక్కడే. ఎక్కువసార్లు దొరికేది చవక ఫ్యూజు హోల్డరే, అరగంట నడిచాక దాన్ని చేత్తో పట్టుకుని చూడండి, కాలుతుంటే మార్చేయండి.